కట్టేది ఒకరు, కాదనే హక్కు ఇంకొకరిది

న్యూయార్క్ నగర కౌన్సిల్ గౌరవ సభ్యులకు,

కొత్త బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ (ఆస్తుల మీద అదనపు రుసుము వేసి వీధిని బాగుచేసే 'బిడ్') ప్రతిపాదన మీ ముందుకు వచ్చిన ప్రతిసారీ ఒక లెక్క చూస్తారు. ఆ ప్రాంతంలోని స్థిరాస్తి యజమానుల్లో 51 శాతం మంది గానీ, మొత్తం ఆస్తి విలువలో 51 శాతం చేతిలో ఉన్నవాళ్లు గానీ, 30 రోజుల్లోగా సిటీ క్లర్కు ఆఫీసులో రాతపూర్వకంగా కాదన్నారా? అంటే ప్రతిపాదన పోతుంది. అనకపోతే దారి తెరుచుకున్నట్టే. నోరు విప్పనివాళ్లంతా సరేనన్న పద్దులో పడిపోతారు. మౌనం అర్ధాంగీకారం అని మా పెద్దలు సగం దగ్గరైనా ఆగారు. మీ చట్టం ఆ సగాన్ని కూడా పూర్తి చేసేసింది.

మీరు 51 మంది. ప్రతి ఒక్కరూ ఓట్లు లెక్కపెట్టించుకుని గెలిచి వచ్చినవాళ్లే. పోలింగ్ బూత్‌కు రానివాళ్లందరూ ఫలానా అభ్యర్థికే ఓటేసినట్టు లెక్క రాస్తామంటే మీలో ఒక్కరైనా ఊరుకుంటారా? మీ ఎన్నికకు పనికిరాని లెక్క మా వీధి పన్నుకు ఎలా పనికొచ్చింది?

క్వీన్స్‌లో చిన్న షాపులకు లెక్కలు రాసిపెట్టడం, పన్నుల కాగితాలు చూసిపెట్టడం నా పని. కిరాణా కొట్లవాళ్లు, చీరల షాపులవాళ్లు, సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్లు, టిఫిన్లు అమ్మేవాళ్లు నా దగ్గరికి వస్తారు. అందులో తెలుగువాళ్లు కొద్దిమందే. బంగ్లాదేశ్, నేపాల్, పంజాబ్, ఈక్వడార్ నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ ఆఫీసులకు విడిగా పంపుతున్నాను. మావాళ్లు కూడా చదువుకోవాలని, కడుతున్నది దేనికో తెలుసుకోవాలని తెలుగులో వేయిస్తున్నాను.

మొన్న శీతాకాలంలో ఒంగోలు వైపు నుంచి వచ్చిన కిరాణా కొట్టు ఆయన ఒక కాగితం పట్టుకొచ్చాడు. బిల్డింగ్ ఓనర్ పంపిన ఏడాది లెక్క అది. అద్దె, నీళ్ల వాటా, ఆస్తిపన్ను పెరుగుదలలో వాటా, దాని కింద కొత్తగా ఇంకో పద్దు: బిడ్. "ఇదేంటన్నా, దీనికి నేనెప్పుడు సంతకం పెట్టాను?" అన్నాడు. పెట్టాడు. లీజులో ఇరవై ఎన్నో పేజీలో, ఆస్తిపన్ను అంటే ఏమిటో చెప్పే చోట, 'నగరం విధించే సకల ప్రత్యేక రుసుములు' అనే అర్థం వచ్చే ఒక మాట ఉంది. ఆ మాట మీదే పెట్టాడు సంతకం. అప్పటికి ఆ వీధిలో బిడ్ అన్నదే లేదు.

ఈ క్లాజు ఎలా పనిచేస్తుందో మీలో న్యాయవాదులైనవాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. లీజు రాసుకున్న ఏడాది ఆస్తిపన్ను ఎంతో దాన్నే ఆధారంగా పెట్టుకుంటారు. ఆ తర్వాత పెరిగినదాంట్లో షాపు తన వాటా కట్టుకోవాలి. బిడ్ రుసుము ఆ ఆధార సంవత్సరంలో లేదు కాబట్టి అది సున్నా. అందువల్ల కొత్తగా వచ్చిన ప్రతి డాలరూ పెరుగుదల కిందికే వస్తుంది, వాటా ప్రకారం షాపుల మీదికే దిగుతుంది. నగర ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్ ఆస్తిపన్నుతో పాటే ఈ రుసుమునూ వసూలు చేసి బిడ్‌కు ఇస్తుంది. మీ రికార్డుల్లో కట్టినవాడు బిల్డింగ్ ఓనర్. నా దగ్గరున్న పుస్తకాల్లో కట్టినవాడు కిరాణా కొట్టు ఆయన.

రుసుము షాపు ముఖం ఎన్ని అడుగులుంటే అన్ని అడుగుల మీద వేస్తారు, లేదా ఆస్తి విలువ మీద, లేదా రెండూ కలిపి. అడుగుకు 40 డాలర్లనుకుందాం. 20 అడుగుల కొట్టుకు ఏడాదికి 800 అవుతుంది. ఎనిమిది వందలకే ఇంత గోలా అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. మీరొకసారి ఆ కొట్టులో నిలబడి చూడండి. ఒక్కో బస్తా మీద రెండు డాలర్లు మిగిలితే చాలనుకునే చోట, ఈ ఒక్క పద్దు కోసం ఆయన 400 బియ్యం బస్తాలు అమ్మాలి. అదీ ఆ బస్తాలు లారీలోంచి దింపి, నేలమాళిగలోకి చేరవేసి, మళ్లీ పైకి తెచ్చి. అదే బిల్డింగ్ పై అంతస్తుల్లో కాపురముండేవాళ్లు బిడ్ బాగుచేసిన కాలిబాట మీదనే నడుస్తారు. చాలా బిడ్‌లలో నివాస ఆస్తికి పడేది ఏడాదికి ఒక్క డాలరు. వాళ్ల మీద ఇంకా వేయమని నేను అడగడం లేదు. భారమంతా ఎక్కడికి దిగుతుందో చూడమంటున్నాను.

మా ఊళ్లల్లో వినాయకచవితికి బజారు వర్తకులు పందిరి చందా వేసుకుంటారు. చందా ఇచ్చినవాడు నిమజ్జనం మర్నాడు వచ్చి లెక్క అడుగుతాడు. బ్యాండు మేళానికి ఇంతెందుకయింది అని నిలదీస్తాడు. వచ్చే ఏడాది ఇవ్వను పొమ్మని కూడా అనగలడు. చందా పుస్తకం పట్టుకుని తిరిగేవాళ్లకు ఆ భయం ఉంటుంది. మీరు మా కిరాణా కొట్టు ఆయన దగ్గర చందా తీసుకుని లెక్క అడిగే హక్కు మాత్రం బిల్డింగ్ ఓనర్‌కు ఇచ్చారు. ఆ ఓనర్‌కు లెక్క అడగాల్సిన అవసరం ఏముంటుంది? ఖర్చు ఆయనది కాదాయె.

పైగా ఈ కొట్లవాళ్లు వీధి శుభ్రత కోసం ఇప్పటికే డబ్బుతోనూ, ఒంటి కష్టంతోనూ కడుతున్నారు. ఇళ్ల చెత్తను నగరం ఎత్తుతుంది గానీ షాపుల చెత్తను ఎత్తదు. ప్రైవేటు బండివాళ్లను డబ్బిచ్చి పెట్టుకోవాలి. షాపు ముందు కాలిబాట ఊడ్చుకోవాలి. అంతటితో అయిపోదు, గట్టు దాటి రోడ్డు మీదికి మరో 18 అంగుళాలు కూడా ఊడ్చాలి. గాలికి ఎవరి కప్పో ఎగిరొచ్చి ఆ అడుగున్నరలో పడినా జరిమానా కాగితం ఈయన పేరు మీదనే వస్తుంది. మంచు పడితే పార పట్టుకోవాల్సిందీ ఈయనే. ఇన్ని చేశాక అదే కాలిబాట మీదికి యూనిఫాం వేసుకున్న ఇంకొకరిని పంపి దానికీ బిల్లు వేస్తే, ముందున్న బాధ్యతల్లో ఏది తగ్గినట్టు? బిడ్ సేవలు నగరం చేసే పనికి అదనంగానే ఉండాలని, నగరం పనికి బదులుగా ఉండకూడదని నియమం ఉంది కదా! నగరం చేసే పని తగ్గిందా లేదా అని మా వీధిలో ఎవరు కొలుస్తున్నారు? ఆ కొలత కాగితం షాపులవాళ్లకు ఎవరైనా చూపించారా?

బిడ్‌ల వల్ల ఒరిగిందేమీ లేదని నేను అనను. 1975లో ఈ నగరం దివాలా అంచుదాకా వెళ్లింది. ఊడ్చేవాళ్లను, పోలీసులను తగ్గించుకుంది. ఆ తర్వాతి రోజుల్లో, 1984లో, యూనియన్ స్క్వేర్ దగ్గర మొదటి బిడ్ వచ్చింది. ఒకప్పుడు మత్తుమందులు అమ్మేవాళ్ల అడ్డాగా పేరుపడ్డ బ్రయంట్ పార్కు 1992లో తిరిగి తెరిచాక ఎలా మారిందో అందరూ చూశారు. ఇప్పుడు నగరంలో బిడ్‌ల సంఖ్య 75 దాటింది. మిడ్‌టౌన్‌లో అరవై అంతస్తుల ఆఫీసు భవనం ఉన్న కంపెనీ తన గుమ్మం ముందు వీధి కోసం అదనంగా కట్టుకుంటే నాకేం అభ్యంతరం? తన ఆస్తి, తన డబ్బు, తన ఓటు.

క్వీన్స్‌లో చిల్లర వ్యాపారాల వీధి అలాంటిది కాదు. చిన్న బిడ్‌ల సంగతి వేరని మీ ఊళ్లోని విశ్వవిద్యాలయమే చెప్పింది. న్యూయార్క్ యూనివర్సిటీలోని ఫర్మన్ సెంటర్ 2007లో నగరంలోని బిడ్‌ల మీద ఒక అధ్యయనం వెలువరించింది. బిడ్ వచ్చిన చోట వాణిజ్య ఆస్తుల విలువలు చుట్టుపక్కల వాటికంటే సుమారు 15 శాతం ఎక్కువ పెరిగాయని అందులో తేల్చారు. బిడ్‌లను సమర్థించేవాళ్లు ఈ అంకెను నోటికి చెబుతారు. అదే అధ్యయనం, ఆ లాభమంతా పెద్ద బిడ్‌లలో, ఆఫీసు భవనాలున్న చోట్ల కనబడిందని, చిన్న బిడ్‌లలో చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదని కూడా చెప్పింది. ఈ రెండో మాట మాత్రం ఎవరి నోటా వినబడదు.

పోనీ మా వీధిలోనూ విలువ 15 శాతం పెరిగిందనే అనుకుందాం. ఎవరి విలువ? ఆస్తి విలువ పెరిగితే లాభం ఆస్తి ఉన్నవాడిది. అద్దెకున్నవాడికి దాని అర్థం, లీజు ముగిసిన రోజున కొత్త అద్దె ఇంకాస్త ఎక్కువగా పడుతుందని. ఈ నగరంలో షాపుల అద్దెలకు 1945 నుంచి 1963 దాకా ఒక అదుపు ఉండేది. ఆ తర్వాత ఏ అదుపూ లేదు. అంటే కిరాణా కొట్టు ఆయన వీధి బాగుపడటానికి పదేళ్లు రుసుము కట్టి, ఆ బాగుపడిన వీధి ధర చెల్లించలేక పదకొండో ఏట కొట్టు ఖాళీ చేయాల్సి రావచ్చు. ఈ లెక్కలో ఎక్కడైనా తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను. లేదంటే, ఈ ఏర్పాటును 'వ్యాపారాల అభివృద్ధి' అనే పేరుతో ఎన్నాళ్లు పిలుస్తారు? బాగుపడేది వ్యాపారమా, భవనమా?

చట్టం ప్రకారం బిడ్ నడిపే బోర్డులో మెజారిటీ ఆస్తి యజమానులదే. షాపులు అద్దెకు తీసుకున్నవాళ్లకూ చోటుంది గానీ, చేయెత్తితే నెగ్గేంత చోటు కాదు. ఇది ఒక మనిషికి ఒక ఓటు అనే సూత్రానికి విరుద్ధమని గ్రాండ్ సెంట్రల్ ప్రాంతంలోని నివాసులు కోర్టుకెక్కితే, 1998లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు వాళ్ల వాదనను తోసిపుచ్చింది. బిడ్‌కున్న అధికారాలు పరిమితమైనవి, దాని మీద నగరం అజమాయిషీ ఉంది, కాబట్టి యజమానులకు ఎక్కువ బలం ఇచ్చినా చెల్లుతుందన్నది కోర్టు తీర్పు సారాంశం. తీర్పును నేను కాదనను. కానీ అది నిలబడింది దేని మీద? నగరం అజమాయిషీ మీద. అంటే మీ మీద. ప్రతి బిడ్ బోర్డులోనూ మేయర్, కంప్ట్రోలర్, బరో ప్రెసిడెంట్ తరఫున ఒక్కొక్కరితో పాటు స్థానిక కౌన్సిల్ సభ్యుడికీ ఒక స్థానం ఉంది. ఆ కుర్చీలో మీరు ఎన్ని సమావేశాలకు స్వయంగా కూర్చున్నారు? కూర్చున్నప్పుడు ఈ రుసుము అసలు ఎవరి జేబులోంచి వస్తోందని ఒక్కసారైనా అడిగారా?

అజమాయిషీ సడలితే ఏమవుతుందో మీకు నేను గుర్తుచేయాలా? గ్రాండ్ సెంట్రల్ బిడ్ ఇల్లూ వాకిలీ లేనివాళ్లను ఉపాధి శిక్షణ పేరుతో గంటకు ఒక డాలరు, డాలరున్నరకు పనిలో పెట్టుకుంది. వాళ్లు శిక్షణార్థులు కారు, ఉద్యోగులే, కనీస వేతనం ఇవ్వాల్సిందేనని 1998లో తీర్పు చెప్పిన జిల్లా జడ్జి సోనియా సోటోమయోర్. తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లినావిడే. ఆ తీర్పుకు మూడేళ్ల ముందే, 1995లో, బిడ్‌ల తీరును తప్పుపడుతూ పెద్ద నివేదిక వేసింది మరెవరో కాదు, ఈ కౌన్సిలే. నగరంలో నగరాలు తయారయ్యాయన్న అర్థం వచ్చేలా దానికి పేరు కూడా పెట్టారు. ఆ నివేదిక మీ గ్రంథాలయంలోనే ఉంటుంది. దుమ్ము దులిపి చదివితే బాగుంటుంది.

అద్దెకున్నవాళ్లకు ఇలాంటి వాటి మీద ఆసక్తి ఉండదు, అందుకే వాళ్లు నోరు విప్పరు అని ఎవరైనా అంటే రూజ్‌వెల్ట్ ఎవెన్యూ వైపు చూడమనండి. జాక్సన్ హైట్స్‌లో 82వ వీధి బిడ్ 1990 నుంచి ఉంది. దాన్ని రైలు వంతెన కింద రూజ్‌వెల్ట్ ఎవెన్యూ వెంట తూర్పుగా కరోనా దాకా పొడిగించాలని 2013లో గట్టి ప్రయత్నం మొదలైంది. క్షౌరశాలలవాళ్లు, పళ్ల బండ్లవాళ్లు, చిన్న హోటళ్లవాళ్లు, పైన కాపురముండేవాళ్లు కలిసి ఎదిరించారు. అద్దెలు పెరిగి తాము వెళ్లిపోవాల్సి వస్తుందన్నదే వాళ్ల మాట. పొడిగింపు ఆగిపోయింది. వాళ్ల అభ్యంతరానికి చట్టం ఇచ్చిన విలువ సున్నా. వీధిలోకి వచ్చి అరిస్తే తప్ప లెక్కలోకి రాలేదు. ప్రతి వీధీ అలా రోడ్డెక్కాలనా మీ ఉద్దేశం? కల్పనా చావ్లా పేరు పెట్టుకున్న 74వ వీధి అక్కడికి నాలుగడుగుల దూరమే. అక్కడ చీరలు, నగలు అమ్మేవాళ్లు పన్నెండు గంటలు గల్లాపెట్టె దగ్గర నిలబడేవాళ్లు. ఉద్యమాలు నడపడానికి వాళ్లకు తీరిక ఎక్కడిది?

ఇది చక్కదిద్దడం చేతకాని పనేమీ కాదు. సరిహద్దు దాటితే ఒంటారియో ఉంది. అసలు ఈ ఆలోచన పుట్టిందే అక్కడ. 1970లో టొరంటోలోని బ్లూర్ వెస్ట్ విలేజ్ వ్యాపారులు తమ మీద తామే రుసుము వేసుకుని మొదటి బిడ్ పెట్టుకున్నారు. వేసుకున్నది వాళ్లే, కట్టింది వాళ్లే. ఒంటారియో మునిసిపల్ చట్టంలో ఆ వాసన ఇప్పటికీ పోలేదు. అక్కడ నోటీసు అందుకున్న యజమాని 30 రోజుల్లోగా, లీజు ప్రకారం పన్నులో వాటా కట్టే ప్రతి అద్దెదారుడికీ ఆ నోటీసు ప్రతి ఇవ్వాలి. ఎవరెవరు ఎంతెంత వాటా కడుతున్నారో ఆ జాబితా మునిసిపల్ క్లర్కుకు అందజేయాలి. అభ్యంతరాలు లెక్కపెట్టేటప్పుడు ఆ అద్దెదారుల సంతకాలూ చెల్లుతాయి. మూడింట రెండొంతులు కాదు, సగం కాదు, మూడింట ఒక వంతు మంది, మూడింట ఒక వంతు పన్ను కట్టేవాళ్లు కాదంటే చాలు, ఆగిపోతుంది. ఇంగ్లండ్‌లో 2003 చట్టం ప్రకారం రుసుము కట్టే వ్యాపారులే ఓటేస్తారు. తలల లెక్కలోనూ, విలువ లెక్కలోనూ రెండింటా నెగ్గాలి. ఐదేళ్లకోసారి మళ్లీ ఓటు అడగాలి. న్యూయార్క్‌లో బిడ్ ఒకసారి పుట్టిందంటే, మళ్లీ ఎవరినీ ఓటు అడగక్కర్లేదు. పదవీకాలం ముగిశాక మళ్లీ ఓటర్ల గుమ్మం ఎక్కే మీకు, అదే పద్ధతి బిడ్‌కు వర్తింపజేయమనడం అన్యాయంగా కనబడుతుందా?

ఇదంతా రాష్ట్ర చట్టంలో ఉంది, మా చేతుల్లో లేదు, రాష్ట్ర రాజధాని ఆల్బనీకి చెప్పుకోండి అన్న జవాబు వస్తుందని నాకు తెలుసు. అభ్యంతర హక్కు యజమానులకే అని రాసి ఉన్నది రాష్ట్ర చట్టంలోనే, నిజమే. దాన్ని సవరించమని ఆల్బనీని కోరుతూ తీర్మానం చేయడానికి మిమ్మల్ని ఎవరు ఆపారు? అదీగాక, అదే చట్టం మీకొక బాధ్యత కూడా పెట్టింది. బిడ్‌ను ఆమోదించేముందు అది ప్రజా ప్రయోజనానికి తగినదేనని తేల్చాల్సింది కౌన్సిల్. ఆ ఒక్క మాటలోనే మీకు కావలసినంత అధికారం ఉంది. ఏ వీధి నుంచి ప్రతిపాదన వచ్చినా, ఆ వీధిలో ఎన్ని షాపుల లీజుల్లో ఈ రుసుము అద్దెదారుల మీదికి దిగుతుందో చెప్పమని ముందే అడగండి. ఆ అద్దెదారుల్లో ఎంతమంది రాతపూర్వకంగా సరేనన్నారో చూపించమనండి. చూపించలేకపోతే ప్రజా ప్రయోజనం తేలలేదని రాసి వెనక్కి పంపండి. దీనికి ఆల్బనీ అనుమతి అక్కర్లేదు.

రుసుముల పెంపు సంగతి కూడా చూడండి. అనేక బిడ్‌ల పెంపును ఒకే బిల్లులో చుట్టి ఒకే ఓటుతో ఆమోదించే అలవాటు కౌన్సిల్‌కు ఉంది. మీకది నిమిషాల పని. మా దగ్గరికి మరుసటి ఏడాది లెక్క కాగితంలో ఒక అంకెగా వస్తుంది. ఏ బిడ్‌కు ఆ బిడ్ పెంపును విడిగా పెట్టి, ఆ వీధి షాపులవాళ్లకు తలుపు తట్టి చెప్పాకే ఓటుకు పెట్టండి.

ఇంకొకటి. మీ విచారణలు పనిరోజున, పగటిపూట, సిటీ హాల్ దగ్గర జరుగుతాయి. ఒక్కడే నడుపుకునే కొట్టును మూసి, సెవెన్ నంబరు రైలెక్కి మన్‌హాటన్ వచ్చి, రెండు నిమిషాలు మాట్లాడి వెళ్లడానికి ఆ కిరాణా కొట్టు ఆయనకు ఒక పూట బేరం పోతుంది. మా వీధుల మీద వచ్చే తదుపరి ప్రతిపాదనకు విచారణ ఒక్కసారైనా రాత్రి ఎనిమిది తర్వాత, ఆ వీధి పక్కనే ఏ బడిలోనో, గ్రంథాలయంలోనో పెట్టించండి. షట్టర్లు దించి వస్తారు. వచ్చేటప్పుడు లీజు కాగితాలు తెచ్చుకోమని నేను చెబుతాను. ఏ పేజీ చదవాలో కూడా పెన్సిలుతో గుర్తు పెట్టిస్తాను.

ఇట్లు,
క్వీన్స్‌లో చిన్న షాపుల లెక్కలు రాసే ఒక తెలుగు పన్నుదారు